ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు ఇద్దరే అమెరికా రాగలరా?

మీ అమ్మానాన్నలది ధర్మవరం, ఇద్దరికీ అరవై దాటాయి, ఇంతవరకు విమానం ఎక్కలేదు, ఇంగ్లీషు రాదు. డాలస్‌లో ఉన్న మీ దగ్గరికి ఇద్దరే రాగలరా, తోడు దొరికేదాకా ఆగమనాలా అని అడిగారు. ఆగనక్కర్లేదమ్మా, రమ్మనండి. మాది అనంతపురం. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, మా అమ్మాయి పురిటికని నేనూ నా భార్యా ఆ డాలస్‌కే వెళ్లాం. నాకు వచ్చిన ఇంగ్లీషు టికెట్టు మీద పట్టేంత. ఆమెకు అదీ లేదు.

నా ఉద్యోగంలో ఒకటి గమనించాను. చదువు రాని అవ్వలు ఊరి పేరు రాయించుకున్న చీటీ నా చేతిలో పెట్టి, స్టేజీ వచ్చినప్పుడల్లా "ఇదేనా నాయనా?" అని అడిగేవారు. వాళ్లలో ఒక్కరూ దిగాల్సిన చోటు దాటిపోలేదు. దాటిపోయాక నాతో తగాదా పెట్టుకున్నవారందరూ అడగడం నామోషీ అనుకున్న చదువరులే. అందుకని మా అమ్మాయి చేత ఇంగ్లీషులో నాలుగు చీటీలు రాయించి, ఫోనుకు తెప్పించుకుని, ఇక్కడ ప్రింటు తీయించాను. మొదటిది: మేము తెలుగే మాట్లాడతాం, దయచేసి ఈ విమానం గేటు చూపించండి. రెండోది: శాకాహారులం, ఆమెకు షుగర్ ఉంది. మూడోది: అమ్మాయి చిరునామా, ఫోను నంబరు, మా తిరుగు ప్రయాణం తేదీ. నాలుగోది: జబ్బుల పేర్లు, మందుల పేర్లు. ఒకప్పుడు టికెట్ల కట్ట పెట్టుకున్న చొక్కా జేబులోనే వాటిని పెట్టుకున్నాను.

టికెట్టు తీసేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఒకే చోట మారాలి, రెండో విమానం నేరుగా డాలస్‌లో దిగాలి. అమెరికాలో ఇంకో ఊర్లో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది. పెట్టెలు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించి, ఇంకో విమానం ఎక్కాలి. భాష రానివారికి అసలు తిప్పలు అక్కడే. మారే చోట కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా చూడండి. ఇద్దరికీ వీల్‌చైర్ అడగండి, మా దగ్గర దానికి డబ్బు తీసుకోలేదు. మీ నాన్న "నాకేం, నడవగలను" అంటారు. నేనూ అన్నాను. అది కాళ్ల కోసం కాదు, దారి తెలిసిన మనిషి తోడు ఉండటం కోసం. శాకాహార భోజనం కూడా ముందే చెప్పి ఉంచాలి, ఎక్కాక అడిగితే దొరకకపోవచ్చు.

మన వైపు వారికి హైదరాబాదు కంటే బెంగళూరు మేలు. దేవనహళ్లి విమానాశ్రయం ఊరికి ఉత్తరాన, మన వైపే ఉంది. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా హైవే అంతా ఒకటే. మాకు మూడు గంటలు పట్టింది. విమానం తెల్లవారుజామున కాబట్టి ముందు రోజు సాయంత్రమే బయలుదేరాం. సాగనంపడానికి రెండు కార్లలో వచ్చిన చుట్టాలను గేటు దగ్గరే ఆపేశారు. లోపలికి టికెట్టు, పాస్‌పోర్టు ఉన్నవారే. ఏడుపులూ కాళ్లకు మొక్కడాలూ బయటే ముగించుకోమని ముందే చెప్పండి.

సామాను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మ దగ్గర మీ మాట చెల్లదు. నా భార్య గోంగూర ఊరగాయ, ఓళిగలు, నిప్పట్లు, రెండు కిలోల శనక్కాయల పొడి కట్టింది. ఆ పొడి చేతిసంచిలో పెట్టింది, కళ్లముందు ఉంటుందని. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించి పొడి ఏదున్నా విడిగా తనిఖీ చేస్తారని మాకు తెలియదు. విమానం మారే చోట సంచి విప్పి, పొడిని చూసి, మా ముఖాలు చూసి, ఏదో పరీక్ష చేసి వదిలారు. పొడులూ ఊరగాయలూ పెద్ద పెట్టెలోకే వెళ్లాలి. మందులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా. ఇన్సులిన్ వాడేవారైతే అది పెద్ద పెట్టెలో అసలే వద్దు, కింద చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు.

ఇక గల్ఫ్‌లో విమానం మారిన కథ. వీల్‌చైర్లు తోసుకొచ్చినవారు మమ్మల్ని ఒక హాలులో కూర్చోబెట్టి, మళ్లీ వస్తామని సైగ చేసి వెళ్లారు. రెండు గంటలైనా ఎవరూ రాలేదు. విమానానికి ఇంకా గంట కూడా లేదు. నా భార్య హనుమాన్ చాలీసా అందుకుంది. నేను లేచి, నేల తుడుస్తున్న ఒక అబ్బాయికి మొదటి చీటీ చూపించాను. అతను చీటీ చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏ ఊరు పెద్దాయనా?" అన్నాడు. అనంతపురం అన్నాను. "మాది రాయచోటి" అన్నాడు. మాప్ గోడకు ఆనించి, బోర్డు చూసి, గేటు మారిందని చెప్పి, పరుగున వెళ్లి ఒక ఉద్యోగిని వెంటబెట్టుకొచ్చాడు. వెళ్లబోతుంటే అడిగింది ఒక్కటే, మన వైపు వానలు పడ్డాయా అని. డబ్బిస్తే తీసుకోలేదు. నిప్పట్ల పొట్లం మాత్రం తీసుకున్నాడు.

అక్కడి నుంచి డాలస్‌కు పదహారు గంటలు. విమానంలో గాలి మే నెల అనంతపురంలా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్లు అడిగి తాగుతూ ఉండాలి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, వయసు మళ్లినవారికి ఇంకా ఎక్కువ. నాకు సీట్ల మధ్య నడవడం పాత అలవాటే కదా, గంటకోసారి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. ఎవరి దగ్గరైనా ఆగితే టికెట్టు అడుగుతానేమో అన్నట్టుంది నా వాలకం అని నా భార్య నవ్వింది. ఆమె మాత్రం కదల్లేదు. దిగేసరికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. పక్కవారిని లేపాల్సిన పని లేకుండా నడవా పక్క సీటు ఒకటైనా తీసుకోండి. మరుగుదొడ్డిలో కడుక్కోవడానికి నీళ్ల గొట్టం ఉండదు, కాగితమే. ఖాళీ సీసా ఒకటి సంచిలో పెట్టమనండి. తలుపుకు గడియ వేస్తేనే లోపల లైటు బాగా వెలుగుతుందని, మీట నొక్కితే పెద్ద చప్పుడవుతుందని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మీ అమ్మ హడలిపోతారు.

షుగర్ మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరును అడగండి. మా డాక్టరు దారి పొడవునా మన టైము ప్రకారమే వేయమని రాసిచ్చారు. నా గడియారం డాలస్ టైముకు తిప్పుకున్నాను, ఆమె గడియారం అనంతపురం టైములోనే ఉంచాం.

డాలస్‌లో ఇమిగ్రేషన్ అధికారి వేలిముద్రలు, ఫొటో తీసుకుని, ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడిగాడు. మూడో చీటీ ఇచ్చాను. అది చదివి "బేబీ?" అన్నాడు, తల ఊపాను, అంతే. ఒక్క సంగతి: వీసా పదేళ్లకు ఉన్నా, ఈసారి ఎన్నాళ్లు ఉండవచ్చో అక్కడి అధికారే నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది. ఇంటికి చేరగానే ఇంటర్నెట్లో మీరే చూడండి.

కస్టమ్స్‌లో తినేవి ఏమున్నాయో దాచకుండా చెప్పేయాలి. నేను ఊరగాయ, పొడులు అంటుంటే నా భార్య మోచేత్తో పొడిచింది. చీరల మధ్య పచ్చి కరివేపాకు దాచిందట! అదీ చెప్పాను. తీసి చెత్తబుట్టలో వేశారు, జరిమానా ఏమీ వేయలేదు. నిమ్మజాతి చెట్లకు తెగులు అంటించే పురుగు కరివేపాకు మీద ఉంటుందని అల్లుడు తర్వాత చెప్పాడు. చీనీ (బత్తాయి) తోటలున్న జిల్లా మనిషిని, నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఆమెకు ఇప్పటికీ తోచలేదు.

పగలూ రాత్రీ తారుమారు కావడం వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడే ఎక్కువ. ఇంటికి వచ్చాక వారం పైగా రాత్రి రెండింటికే మెలకువ. ఇద్దరం కాఫీ కలుపుకుని, డిపోలోంచి మొదటి బస్సు బయటికి వచ్చే చప్పుడు వినబడేదాకా మిద్దె మీద కూర్చునేవాళ్లం. మీ అమ్మానాన్నలు తిరిగి వచ్చాక ఆ వారం మీకు నచ్చిన వేళ ఫోను చేయండి, ఎత్తుతారు.