వద్దని రాసిచ్చిన మాటను నర్సింగ్ హోమ్ నర్సులు నిజంగా పాటిస్తారా?

మీరు అడిగింది ఇది: మీ నాన్నగారికి 80 దాటాయి, నర్సింగ్ హోమ్‌లో ఉంటున్నారు. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం) వద్దు, ఆహారం కోసం ముక్కులో ట్యూబు వద్దు, ఆస్పత్రికి తిప్పొద్దు అని తెలివిలో ఉండగానే రాసి సంతకం పెట్టారు. అక్కడి నర్సులు దీన్ని ఒప్పుకుంటారా, లేక కుటుంబం వదిలించుకోవాలని చూస్తోందని అనుకుంటారా?

పెద్దవాళ్లను రాత్రింబవళ్లు చూసుకునే ఇలాంటి హోముల్లో 15 ఏళ్లకు పైగా నర్సుగా చేశానండి. అందులో సగం నైట్ డ్యూటీలే. మిమ్మల్ని తప్పుగా అనుకునే నర్సులు తక్కువ. కానీ ఆ కాగితంలో ఉన్నది సమయానికి చేయలేకపోయేవాళ్లు చాలామందే ఉంటారు. నేనూ చేయలేకపోయాను ఒకసారి. చాలావరకు దానికి కారణం నమ్మకాలు కాదు, భయం.

ఒక పెద్దాయన ఉండేవారు. "నన్ను ఆస్పత్రికి పంపకమ్మా, ఈ కిటికీ పక్కనే పోనివ్వు" అని నాతో చాలాసార్లు అన్నారు. రాసి కూడా ఇచ్చారు. ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఉండేది. ఒక రాత్రి రెండింటికి ఆయనకు ఊపిరి అందలేదు. షిఫ్టులో నర్సుని నేనొక్కదాన్నే. బీరువా తాళం నా దగ్గర లేదు, డాక్టర్ ఫోన్ ఎత్తలేదు, కొడుకుకి చేస్తే "ఏదో ఒకటి చేయండి మేడమ్" అని ఏడ్చారు. అంబులెన్స్ పిలిచాను. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆయన మంచం అంచు వదల్లేదు, వేళ్లు ఒక్కొక్కటీ విడిపించాల్సి వచ్చింది. మూడో రోజు ఐసీయూలో పోయారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పంపకుండా ఉండి ఉంటే మాత్రం పైవాళ్లు, బంధువులు అందరూ నిలదీసేవారు. పంపిన నర్సుని అడిగేవాళ్లు ఉండరు, పంపని నర్సుని అడగనివాళ్లు ఉండరు. మీ నాన్నగారి కాగితానికి అసలు అడ్డు ఇదే.

ఇక రెండోది, అనుబంధం. హోమ్‌లో నర్సు ఒక మనిషిని ఏళ్ల తరబడి చూస్తుంది. నేను చేరిన కొత్తలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) బాగా ముదిరిన ఒకావిడ ముద్ద నోటి దగ్గరికి తెస్తే మొహం తిప్పేసేవారు. ట్యూబు పెట్టమని అందరికంటే గట్టిగా అడిగింది నేనే. తిండి పెట్టకుండా చూస్తూ ఉండటం అంటే చంపడమే అనిపించింది నాకు. ట్యూబు పెట్టాక ఆవిడ దాన్ని పీకేసుకుంటున్నారని చేతులకు గుడ్డ తొడుగులు కట్టాం. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ముదిరిన డిమెన్షియాలో ట్యూబు ఆయుష్షు పెంచినట్టు ఆధారం లేదు, ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయి వచ్చే న్యుమోనియానూ ఆపదు. ఓపికగా చేత్తో తినగలిగినంతే తినిపించడం మేలని వృద్ధుల వైద్యంలో పేరున్న అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ కూడా చెబుతోంది. చివరి రోజుల్లో శరీరమే ఆకలిని తగ్గించుకుంటుంది. అప్పుడు నోరు తడిపి, పెదాలు ఎండకుండా చూస్తే చాలావరకు హాయిగా ఉంటారు.

ఈ అనుబంధం ఎంత బలమైనదో అరుణా షాన్‌బాగ్ విషయంలో అందరూ చూశారు. ఆమె కూడా నర్సే. 1973లో జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైన ఆమెను ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సులు 2015లో చనిపోయేదాకా చూసుకున్నారు. ఆహారం ఆపేందుకు అనుమతించమని బయటివాళ్లొకరు కోర్టుకు వెళ్తే ఆ నర్సులు వద్దన్నారు, 2011లో సుప్రీంకోర్టు కూడా వాళ్ల మాటకే విలువిచ్చింది. వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. కానీ అరుణ ఏం కోరుకునేదో ఎవరికీ తెలియదు. మీ నాన్నగారు తన మాట తానే చెప్పారు. ఎంత ప్రేమ ఉన్న నర్సయినా ఆ మాటను దాటి వెళ్లకూడదు.

మార్ఫిన్ భయం ఇంకొకటి. "నేనిచ్చిన డోసుతోనే పోయారేమో" అని ఏడ్చిన జూనియర్లను చూశాను. నొప్పికీ ఆయాసానికీ సరిపడా, కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ మరణాన్ని ముందుకు తేదు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) స్థాపించిన సిసిలీ సాండర్స్ డాక్టర్ కాకముందు నర్సు. నొప్పి వచ్చి అడిగేదాకా ఆగకుండా వేళ ప్రకారం మందివ్వాలని ఆవిడ పట్టుబట్టారు. ఇది తెలియని చోట డాక్టర్ రాసిన డోసు కూడా రాత్రిపూట ఇవ్వకుండా మిగిలిపోతుంది. కాబట్టి ఆ హోమ్‌లో మార్ఫిన్ దొరుకుతుందా, రాత్రి ఎవరిస్తారు అని ముందే అడగండి.

సీపీఆర్ వద్దంటే వైద్యమే వద్దని అనుకునే సిబ్బంది ఇప్పటికీ ఉన్నారు. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇది. జ్వరానికి మందు, నొప్పికి మందు, పడకపుండ్లు రాకుండా పక్కకు తిప్పడం, ఇవన్నీ మామూలుగానే జరగాలి. సీపీఆర్ వద్దంటే వద్దన్నది గుండె ఆగినప్పుడు చేసే ఆ ప్రయత్నం ఒక్కటే. బాగా బలహీనపడ్డ పెద్దవాళ్లలో దానివల్ల తరచూ పక్కటెముకలు విరుగుతాయి, బతికి బయటపడేవాళ్లు చాలా కొద్దిమంది.

కారుణ్య మరణం గురించి మాత్రం నర్సుల్లో నిజంగానే భిన్నాభిప్రాయాలున్నాయి. నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచి, కెనడా 2016 నుంచి దాన్ని షరతులతో అనుమతిస్తున్నాయి. నేనైతే అందులో పాల్గొనలేను. మీ నాన్నగారు అడిగింది అది కాదు. చికిత్స వద్దనడం వేరు, ప్రాణం తీయమనడం వేరు. నర్సు ఈ రెండూ కలిపేసి తడబడితే తేడా మీరే నెమ్మదిగా చెప్పండి.

మీరు చేయాల్సింది చెప్తాను. కాగితం కాపీ ఆఫీసులోనే కాక కేస్ షీట్ మొదటి పేజీలో ఉండాలి. దాని మీద డాక్టర్ ఆర్డర్ కూడా రాయించండి, మా చేతులకు ధైర్యం దానితోనే వస్తుంది. రాత్రి ఫోన్ చేస్తే కుటుంబంలో ఎవరు మాట్లాడాలో ఒక్కరినే తేల్చుకోండి. ఆ ఒక్కరు "ఏదో ఒకటి చేయండి" అనకూడదు. "నాన్న చెప్పినట్టే చేయండి, నేను బయల్దేరుతున్నాను" అనాలి. ఆ రెండో మాట నాకు ఆ రాత్రి దొరికి ఉంటే నేను అంబులెన్స్ పిలిచేదాన్ని కాదు.

ఇంకోటి, పగటి షిఫ్టులో ఉండే పెద్ద సిస్టర్‌తో మాట్లాడి వచ్చేయకండి. ఒక సాయంత్రం నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చేదాకా ఆగి, ఆమెను మీ నాన్నగారి మంచం దగ్గరికే తీసుకెళ్లండి. ఆయన నోటితో ఆయన్నే చెప్పనివ్వండి.