ప్రాణాయామంతో ఊపిరితిత్తులు పెరుగుతాయా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ కోత ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పొగ తాగను, దగ్గు, ఆయాసం లేవు. మూడు నెలలుగా రోజూ తెల్లవారుజామున భస్త్రిక (వేగంగా, బలంగా గాలి పీల్చి వదలడం), నాడీశుద్ధి (ఒక్కో ముక్కుతో మార్చిమార్చి నిదానంగా శ్వాసించడం) చేస్తున్నాను. అంతకుముందు ఒంగోలులో చేయించిన స్పైరోమెట్రీలో (ఊదిన గాలిని కొలిచే ఊపిరితిత్తుల పరీక్ష) మొత్తం ఊదిన గాలి 3.4 లీటర్లు ఉండగా, మొన్న 3.6 వచ్చింది. ఊపిరితిత్తులు పెరిగినట్టేనా? ఇక దుమ్ముకు భయం లేదని తోటివారు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఊపిరితిత్తుల ఎదుగుదల 20, 25 ఏళ్లకే ఆగిపోతుంది, ఆపైన పొగ తాగనివారిలో సైతం మొదటి సెకనులో ఊదగలిగే గాలి ఏటా సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతూ వస్తుంది. ప్రాణాయామంతో కొత్త గాలిగదులు పుట్టవు. అయితే భస్త్రిక అంటేనే కొలిమితిత్తి. పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం కండరం ఆ తిత్తిలాగే రోజూ పనిచేసి బలపడతాయి కనుక ఛాతీ నిండా పీల్చడం, చివరిదాకా ఊదడం సులువవుతాయి.

మీకు పెరిగిన 200 మిల్లీలీటర్లలో ఇంకొకటీ కలిసి ఉండవచ్చు. ముక్కుకు క్లిప్పు పెట్టి, టెక్నీషియన్ "ఊదండి, ఇంకా ఊదండి" అని తొందరపెడుతుంటే మొదటిసారి ఎవరైనా తడబడతారు, రెండోసారికి కిటుకు తెలిసిపోతుంది. ఒకే పూట ఊదినవాటిలో మేలైన రెండింటి మధ్య 150 మిల్లీలీటర్ల దాకా తేడా ఉన్నా ఆ పరీక్షను సరైనదిగానే లెక్కిస్తారు. నాడీశుద్ధిలో నిమిషానికి ఆరుసార్లు చొప్పున నిదానంగా శ్వాసించేటప్పుడు గుండె వేగం శ్వాసకు అనుగుణంగా హెచ్చుతగ్గులవుతుంది, మనసు కుదుటపడుతుంది. నా దృష్టిలో అసలు లాభం అదే, కానీ అది స్పైరోమెట్రీలో కనిపించదు.

దుమ్ము సంగతి వేరు. చీమకుర్తి నల్లరాయిలో స్ఫటికం (సిలికాతో ఏర్పడే క్వార్ట్జ్ ఖనిజం) తక్కువే కానీ, ఇతర రంగుల గ్రానైట్ కోసేచోట సిలికా ధూళి లేస్తుంది. కంటికి ఆనని ఆ నలుసులు గాలిగదుల దాకా వెళ్లి మచ్చకడతాయి, ఆ నష్టం తిరిగి పూడదు. అక్కడ గాఢంగా పీలిస్తే దుమ్మే ఎక్కువ లోపలికి పోతుంది. కాబట్టి సాధన ఇంటి దగ్గరే చేయండి, కోత దగ్గర నీటి ధార ఆగనివ్వకండి, దుమ్మును అడ్డుకునే మాస్కు వాడండి. భస్త్రికలో పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని గ్రహించి ఆపేయాలి. అధిక రక్తపోటు, హెర్నియా ఉన్నవారు అసలు చేయకపోవడమే మంచిది. ఈ రెండు రిపోర్టులూ దాచి, ఏటా ఛాతీ ఎక్స్‌రేతోపాటు స్పైరోమెట్రీ చేయించుకుని వాటితో పోల్చమని డాక్టరును అడగండి.