హోటల్, టూరిజం పీజీలో చేరబోతున్న సింధుకు

చిరంజీవి సింధుకు, పెదనాన్న ఆశీస్సులు.

డిగ్రీ అయిపోయిందనీ, హోటల్, టూరిజం వైపు పీజీ చేయాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచన. ఫీజు కట్టే ముందు నీకు హోటల్ కావాలో, టూరిజం కావాలో తేల్చుకో. బయటికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ చదువులు వేరు. ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, కిచెన్ లాంటి లోపలి పనుల నిర్వహణ మీద మనసుంటే నేషనల్ కౌన్సిల్ ఫర్ హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్ళ రెండేళ్ళ ఎమ్మెస్సీ హాస్పిటాలిటీ అడ్మినిస్ట్రేషన్ చూడు. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ లేనివాళ్ళకు అర్హత ఎలా పెట్టారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదివాకే దరఖాస్తు పెట్టు. ప్రయాణాలు, ప్యాకేజీలు, పర్యాటక స్థలాల ప్రణాళిక కావాలంటే టూరిజం ఎంబీఏ. దానికోసం ఊళ్ళు పట్టుకుని తిరగనక్కర్లేదు. కేంద్ర పర్యాటక శాఖ కింద 1983లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్ (ఐఐటీటీఎం)కి మన నెల్లూరులోనే క్యాంపస్ ఉంది. చేతిలో ఇంకో దారి కూడా ఉండాలంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయి. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కు తీసేయరు, కాబట్టి ఒక్కటీ వదలొద్దు.

కాలేజీకి వెళ్ళినప్పుడు భవనాలు చూసి వచ్చేయకు. ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, దాన్ని కాలేజీ చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా అని అడుగు. లాబ్‌లో టికెట్ల బుకింగ్‌కు వాడే అమెడియస్ గానీ, ఒపెరా లాంటి హోటల్ సాఫ్ట్‌వేర్ గానీ పిల్లల చేత నిజంగా చేయిస్తున్నారా, స్క్రీన్ మీద బొమ్మలు చూపించి వదిలేస్తున్నారా కనుక్కో. పోయిన బ్యాచ్ వాళ్ళు ఏ హోదాలో చేరారన్నది అన్నిటికన్నా ముఖ్యం. పీజీ చేసినవాళ్ళను కూడా డిగ్రీ వాళ్ళతో కలిపి ఫ్రంట్ ఆఫీస్ అసోసియేట్‌గా తీసుకుంటుంటే, ఆ రెండేళ్ళకు విలువ కట్టనట్టే. మేనేజ్‌మెంట్ ట్రైనీలుగా ఎంతమందిని తీసుకున్నారో అడిగి, సీనియర్లతో కూడా మాట్లాడి సరిచూసుకో.

ట్రే పట్టుకోవడం, నవ్వుతూ పలకరించడం ఉద్యోగంలో చేరాక ఎవరైనా నేర్పుతారు. పీజీలో నేర్చుకోవలసింది లెక్క. 40 గదుల లాడ్జి ఉందనుకో. అద్దె 1,800, రాత్రికి 26 గదులు నిండుతున్నాయి. రాబడి 46,800. దాన్ని మొత్తం 40 గదులకు పంచితే గదికి 1,170 వస్తుంది, రెవ్‌పార్ అనేది ఇదే. ఓనరు తొందరపడి అద్దె 1,400కి దించాడు, 32 గదులు నిండాయి. లాడ్జి కళకళలాడుతుంది, రాబడి మాత్రం 44,800, రెవ్‌పార్ 1,120. పైగా ఆరు గదుల దుప్పట్లు, సబ్బులు, కరెంటు, ఊడ్చే మనిషి ఖర్చు అదనం. గదులు నిండడాన్ని ఒక్కదాన్నే చూసి సంబరపడే మేనేజర్లు చాలామంది ఉంటారు, నువ్వు వాళ్ళలో చేరకూడదు.

కిచెన్ లెక్క కూడా ఇలాగే మోసం చేస్తుంది. కొర్రమీను కిలో 400కి కొన్నావనుకో. పొలుసు, తల, పేగులు తీసేస్తే 650 గ్రాములు మిగిలింది. అంటే నీ చేప ధర కిలో 400 కాదు, దాదాపు 615. ప్లేటు పులుసులో 150 గ్రాముల ముక్కలు వేస్తే మార్కెట్ ధర ప్రకారం 60 రూపాయలు, అసలు ఖర్చు 92. చింతపండు, మామిడికాయ, నూనె, మసాలాకు 25 కలుపు. ఫుడ్ కాస్ట్, అంటే అమ్మే ధరలో సరుకుల ఖర్చు, 35 శాతం ఉండాలని 85 మీద లెక్కేసి 240కి అమ్మితే, నిజానికి 117 ఖర్చవుతోంది, అది 49 శాతం. కూర బాగుందని జనం ఎగబడే కొద్దీ మెస్సు మునుగుతుంది. కాబట్టి ప్రతి సరుకుకూ శుభ్రం చేశాక మిగిలే బరువు నువ్వే తూచి రాసుకో.

ఇంటర్న్‌షిప్‌లో అడిగి మరీ నైట్ షిఫ్ట్ కొన్నాళ్ళు చెయ్యి. నైట్ ఆడిట్‌లో ఆ రోజు గది అద్దెలు, రెస్టారెంట్ బిల్లులు, అడ్వాన్సులు అన్నీ ఒకచోట సరిపోవాలి, హోటల్ మొత్తం అక్కడ కనిపిస్తుంది. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. పాత రేటు వేసిన బిల్లుతో గెస్టు కౌంటర్ దగ్గర నిలదీస్తే జవాబు చెప్పాల్సింది నువ్వే.

ఇక డిజర్టేషన్, అంటే పీజీ చివర్లో ఇచ్చే పరిశోధన నివేదిక. రెండేళ్ళలో నీదంటూ నిలిచేది ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ సేపు కూర్చో. ‘నెల్లూరు జిల్లాలో పర్యాటక అవకాశాలు’ అని పేరు పెడితే అది వ్యాసమవుతుంది గానీ పరిశోధన కాదు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆ ఒక్కరోజు రాబడితో కొండ కింద అంగళ్ళు, ఆటోలు వారమంతా ఎలా నడుస్తున్నాయి? ఇది మంచి ప్రశ్న. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు ఘాట్ ఎంతమందిని మోయగలదు? ఇది ఇంకా మంచిది, ఎందుకంటే జవాబు అధికారులకు కూడా పనికొస్తుంది.

దానికి లెక్క ఉంది. ఘాట్‌లో నిలబడగల చోటు 600 చదరపు మీటర్లు అనుకుందాం. మనిషికి 2 చదరపు మీటర్లు ఇస్తే ఒకేసారి 300 మంది. ఒక్కొక్కరు అరగంట ఉంటే 12 గంటల్లో 24 విడతలు, మొత్తం 7,200. చాలామంది ఇక్కడే ఆపి ఇదే సామర్థ్యం అని రాసేస్తారు. అది చోటు లెక్క మాత్రమే. ఎండకు మధ్యాహ్నం నాలుగు గంటలు జనం రాకపోతే 4,800కి దిగుతుంది. జారే మెట్లు, మరుగుదొడ్లు, అక్కడుండే పోలీసులు, వాలంటీర్ల సంఖ్య, ఇలా ఒక్కో అడ్డంకికీ ఇంకా తగ్గించుకుంటూ పోవాలి. పండుగ మొహర్రంని బట్టి వస్తుంది. 2025లో జూలై మొదటి వారంలో మొదలైంది, ఏటా పది, పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. నీ సెమిస్టర్‌తో ఇప్పుడే సరిచూసుకో, తప్పిపోతే ఏడాది పోయినట్టే.

ప్రశ్నావళి దగ్గర జాగ్రత్త. సేవల నాణ్యత కొలిచే 1988 నాటి ప్రశ్నావళి సర్వ్‌క్వాల్‌లో 22 వాక్యాలుంటాయి, ఆశించింది ఎంత, అందింది ఎంత అని వాటిని అన్నీ రెండేసి సార్లు అడగాలి. పిల్లల్ని చంకనేసుకున్న తల్లి ఎండలో నిలబడి అన్నిటికీ జవాబు చెప్పదు, నాలుగో ప్రశ్న నుంచి అన్నిటికీ ‘బాగుంది’ అనేస్తుంది. అవసరమైనవే ఉంచి తెలుగు, ఉర్దూ, తమిళంలో రాయించు. ముందు ఇరవై మందిని అడిగి చూస్తే ఏ మాట అర్థం కావట్లేదో తెలుస్తుంది. 384 మంది చాలని పుస్తకాలు చెప్పేది ఎంపిక యాదృచ్ఛికంగా జరిగితేనే. వాట్సాప్‌లో స్నేహితులకు ఫారం పంపి 384 చేస్తే గైడ్ సంతకం పెట్టొచ్చు గానీ వైవాలో నిలబడదు. గేటు దగ్గర ప్రతి పదో మనిషినీ ఆపు, రద్దీ వేళా, ఖాళీ వేళా రెండూ కలిసేలా.

ఈ వారంలో కాలేజీకి వెళ్ళిరా. అక్కడ ఏమన్నారో కాగితం మీద రాసి పంపితే చూసి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న