క్షయకరణం వేరు, క్షయం వేరు

సందేహం: సైన్స్ ఫెయిర్ చార్టు మీద మా పిల్లలు ‘జియోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి యురేనియంను క్షయకరణం చేస్తుంది, అంటే దాని రేడియోధార్మికతను క్షయింపజేస్తుంది, బంకమన్ను సీజియంను పీల్చేస్తుంది’ అని రాశారు. సైన్సు మాస్టారు చూసి ‘క్షయింపజేస్తుంది’ తప్పన్నారు. రెండిట్లోనూ ఉన్నది క్షయమే కదా?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, రణస్థలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మాస్టారన్నదే నిజమమ్మా. పిల్లల్ని మాత్రం ఏమీ అనకండి. ఒకే ధాతువును రెండు శాస్త్రాలు రెండు పనులకు వాడుకుంటే ఎవరైనా బోల్తాపడతారు.

‘క్షి’ అంటే తరగడం, నశించడం. రసాయనశాస్త్రంలో క్షయకరణమంటే ఎలక్ట్రాన్లు వచ్చి చేరడం. చేరుతుంటే తరుగుదల ఎక్కడిదంటారా? ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి అది చేరేకొద్దీ ఆక్సీకరణ సంఖ్య, అంటే పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టు లెక్కో చెప్పే అంకె, తగ్గుతుంది. జియోబ్యాక్టర్ ఎసిటేట్ లాంటిది తిని, అందులోంచి వచ్చిన ఎలక్ట్రాన్లను యురేనియానికి అంటగడుతుంది. దాంతో ఆరు మీదున్న యురేనియం నాలుగుకు దిగుతుంది. ఆరు మీదున్నప్పుడు నీళ్లలో సులువుగా కరిగి ఎంత దూరమైనా పోగలదు; నాలుగుకు దిగితే చాలావరకు కరగక యురేనినైట్ వంటి ఖనిజంగా మట్టిలోనే పేరుకుంటుంది. అమెరికాలో కొలరాడోలోని రైఫిల్ దగ్గర, పాత యురేనియం మిల్లు స్థలంలో నేలలోకి ఎసిటేట్ ఎక్కించి చూస్తే భూగర్భజలంలో యురేనియం తగ్గింది. నీళ్లలో తగ్గింది సుమా, నేలలో కాదు.

రేడియోధార్మిక క్షయం జరిగేది పరమాణు కేంద్రకంలో. యురేనియం-238 సగమవడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు. బ్యాక్టీరియా ఎంత కష్టపడినా అందులో ఒక్కరోజు కూడా తగ్గదు. దీనికి ‘విఘటనం’ అనే మాట కూడా ఉంది, నాకదే ఇష్టం. గొడవే ఉండదు.

కాబట్టి ‘యురేనియాన్ని నీళ్లలో కరగనివ్వదు’ అని మార్చండి. ‘ఎప్పటికీ’ అని మాత్రం చేర్చకండి, ఆక్సిజన్ మళ్లీ తగిలితే అది తిరిగి కరుగుతుంది. కొవ్వాడలో కడతామంటున్న అణువిద్యుత్ కేంద్రం గురించి మీ మండలంలో ఏళ్లుగా మాట్లాడుకుంటున్నారు. అలాంటిచోట సూక్ష్మజీవులు రేడియోధార్మికతను హరిస్తాయని రాస్తే జనానికి లేనిపోని ధైర్యమిచ్చినట్టే.

‘పీల్చేస్తుంది’ కూడా నాకు నచ్చలేదు. పని అయిపోయిందన్న ధ్వని వస్తుంది. బంకమట్టిలోని ఇల్లైట్ వంటి ఖనిజాల పొరల అంచుల్లో సీజియం ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నా వికిరణాన్ని వెదజల్లుతూనే ఉంటుంది. సీజియం-137 సగమవడానికి 30 ఏళ్లు పడుతుంది. ‘పట్టి ఉంచుతుంది’ అనండి. మన కళింగపట్నం తీరపు ఇసుకలో ఉన్న మోనజైట్ అనే ఖనిజం కూడా తనలోని రేడియోధార్మిక థోరియాన్ని అలాగే పట్టి ఉంచింది, ఆ ఖనిజం నీళ్లలో దాదాపు కరగదు కనుక.

ఇక ‘యురేనియంను’. ‘పుస్తకంను’ అనం కదా, నేను యురేనియాన్ని అనే రాస్తాను. పత్రికల్లో మీ పిల్లలు రాసిన రూపమూ బాగానే కనిపిస్తోంది, దాన్ని దిద్దనక్కర్లేదు.