డబ్బు పాఠం చెప్పబోయే టీచరమ్మకు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. వచ్చే ఏడాది నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికో పీరియడు డబ్బు వ్యవహారాలు బోధించమని నీకు అప్పగించారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. జతచేసిన పాఠ్యప్రణాళిక కూడా చదివాను. డబ్బు పుట్టుపూర్వోత్తరాలు, బ్యాంకుల రకాలు, పొదుపు ప్రయోజనాలు, పెట్టుబడి మార్గాలు, చిట్టచివరి వారం అప్పులు. కాగితం మీద క్రమం ముచ్చటగానే ఉంది. నన్నడిగితే మాత్రం ఆ చివరి వారాన్ని మొదటికి తెచ్చి, పుట్టుపూర్వోత్తరాలను సెలవుల్లో చదువుకోమంటాను.

మనుషులు డబ్బు దగ్గర దెబ్బతినేది పొదుపుకు నిర్వచనం తెలియక కాదమ్మా. ఎదుటివాడు కాగితం ముందుకు జరిపి సంతకం చేయమన్నప్పుడు ఏ ప్రశ్న అడగాలో తెలియక దెబ్బతింటారు. ఆ నిమిషంలో నోరు తెరిచి అడగగలిగే పిల్లలను తయారుచేస్తే నీ పీరియడు సార్థకమైనట్టే. మిగతాదంతా పుస్తకంలో ఎప్పుడైనా దొరుకుతుంది.

ఈ మాట నా చాదస్తం కొద్దీ అనడం లేదు. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెట్‌మేయర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 201 అధ్యయనాలను కలిపి చూశారు. డబ్బు విషయంలో మనుషుల నడవడి ఒకరికొకరికి ఎంత తేడాగా ఉందో, ఆ తేడాల్లో పాఠాలు విన్నందువల్ల వచ్చినది 0.1 శాతం మాత్రమేనని తేల్చారు. ఎన్ని గంటలు బోధించినా నెలలు గడిచేకొద్దీ ఆవిరైపోతోందనీ రాశారు. నిరుత్సాహపడకు. కొందరికి పాఠం చెప్పి, మరికొందరికి చెప్పకుండా ఇద్దరినీ పోల్చిన 76 ప్రయోగాలను 2022లో ఇంకొక బృందం కలిపి చూసింది. సరిగ్గా చెబితే ఫలితం ఉంటుందని అక్కడ తేలింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది: ముప్పై ఏళ్ల తర్వాత పనికొచ్చే పింఛను పథకం గురించి పదమూడేళ్ల పిల్లవాడికి ఇప్పుడు చెబితే వాడికి గుర్తుండదు. ఈ ఏడాదో వచ్చే ఏడాదో వాడికి ఎదురయ్యేది చెబితే ఉంటుంది.

మొదటి రోజు ఒకే ఒక ప్రశ్న వెయ్యి. ఖాతాలో 100 ఉంది, ఏడాదికి 2 శాతం వడ్డీ, అయిదేళ్లు ముట్టుకోలేదు. చివరికి 102 కంటే ఎక్కువ ఉంటుందా, సరిగ్గా 102 ఉంటుందా, తక్కువ ఉంటుందా? లుసార్డి, మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటివే మూడు ప్రశ్నలు 2004లో అమెరికాలో యాభై దాటినవాళ్లను అడిగించారు. మూడింటికీ సరైన జవాబు చెప్పినవాళ్లు దాదాపు మూడోవంతే. పెద్దవాళ్లే తడబడ్డారని తెలిస్తే పిల్లలకు కాస్త ధైర్యం వస్తుంది, కాస్త పొగరూ వస్తుంది. రెండూ మంచివే.

రెండో వారం అప్పులోకి దిగు. ఈ ఉదాహరణ బోర్డు మీద రాయి. 12,000 అప్పు, ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీ, పన్నెండు నెలవారీ వాయిదాలు. వడ్డీ 1,200, మొత్తం 13,200, నెలకు 1,100. పిల్లలందరూ వడ్డీ పది శాతమేనని తలలూపుతారు. అప్పుడు అడుగు: ఆరు నెలలయ్యాక వాళ్ల చేతిలో అసలు ఎంత మిగిలి ఉంది? సగం తిరిగి ఇచ్చేశారు కదా. మరి తిరిగి ఇచ్చేసిన డబ్బుకు కూడా వడ్డీ ఎందుకు కడుతున్నారు? నెలనెలా మిగిలే బాకీని 12,000, 11,000, 10,000 అంటూ 1,000 దాకా వాళ్లచేతే రాయించు. సగటు 6,500 వస్తుంది. 6,500 మీద 1,200 అంటే దాదాపు 18 శాతం. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా పది కాస్తా పద్దెనిమిది అయింది. ఈ లెక్క తమ చేత్తో తేల్చిన పిల్లలు 'వడ్డీ ఎంత' అని అడిగి ఊరుకోరు. 'తగ్గే బాకీ మీదా, మొదటి అసలు మీదా' అని కూడా అడుగుతారు. దానికి తోకగా ప్రాసెసింగ్ ఫీజు కింద ముందే 500 కోసుకున్నారని చెప్పు. చేతికి వచ్చింది 11,500, వడ్డీ మాత్రం 12,000 మీద. తరగతిలో గోల లేస్తుంది. లేవనీ.

తర్వాత క్రెడిట్ కార్డు. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అని అందరూ చెబుతారు. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ చేరి దాదాపు 42.6 శాతమవుతుందని కాలిక్యులేటర్ చూపిస్తుంది. 10,000 బాకీకి కనీస చెల్లింపుగా 500 కడితే అందులో 300 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 200. 'కనీసం' అనే మాట ఎంత మర్యాదగా వినిపిస్తుందో, అంత నెమ్మదిగా బాకీ తీరుతుంది. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుందనే సూత్రాన్ని ఇక్కడే చెప్పు. 6 శాతమైతే పన్నెండేళ్లు, 24 శాతమైతే మూడేళ్లు. మామూలుగా దీన్ని దాచుకున్న డబ్బు పెరిగే తీరు చూపడానికి వాడతారు. బాకీ పెరిగే తీరుకు వాడితే పిల్లలకు ఇంకా బాగా నాటుతుంది. లెక్కలు చేతితోనే చేయాలని మాత్రం పట్టుబట్టకు. నువ్వు గుణకారాల పరీక్ష పెట్టడం లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. నీ తరగతిలో ఒకే బెంచీ మీద రెండు రకాల ఇళ్ల పిల్లలు కూర్చుంటారు. ఒకరికి జేబు ఖర్చు అంటే ఏమిటో తెలియదు, ఇంకొకరికి అది ఎప్పుడూ అయిపోదు. కాబట్టి 'మీ ఇంటి నెల ఖర్చుల పట్టిక రాసుకురండి' అనే పని ఎప్పుడూ ఇవ్వకు. ఆ పట్టికలో ఒక పిల్ల తండ్రి బాకీ రాయాలా వద్దా అని రాత్రంతా మథనపడుతుంది. ఇంకొక పిల్లవాడు అంకెలు కల్పించి తెస్తాడు. ఇద్దరూ నేర్చుకునేది ఏమీ లేదు. ఎవరి జమాఖర్చుల పుస్తకం వాళ్లు రాసుకోవచ్చు, కానీ నువ్వు తెరవకు, మార్కులు వెయ్యకు.

దానికి బదులు ఒక కల్పిత కుటుంబాన్ని సృష్టించు. పాఠ్యపుస్తకాల్లో అందరికీ ఒకటో తారీఖున జీతం వస్తుంది. నీ కుటుంబానికి అలా రాకూడదు. పన్నెండు వారాల ఆదాయం రాయి: కొన్ని వారాలు బాగా, కొన్ని వారాలు అంతంతమాత్రం, ఒకటి రెండు వారాలు సున్నా. తరగతిని అయిదారు జట్లుగా విడదీసి అందరికీ అదే కుటుంబాన్ని ఇవ్వు. ప్రతి వారం మొదట్లో ఒక చీటీ తీయాలి. జ్వరం, బండి మరమ్మతు, పరీక్ష ఫీజు, అనుకోకుండా దొరికిన అదనపు పని, ఇలాంటివి రాసిపెట్టు. అప్పు కావాలన్న జట్టుకు ఇవ్వు, వాయిదాలు మాత్రం నిర్దాక్షిణ్యంగా వసూలు చెయ్యి. నాలుగో వారం సరదాగా తెచ్చుకున్న అప్పు తొమ్మిదో వారం ఆదాయం సున్నా అయినప్పుడు గొంతు మీద కూర్చుంటుంది. పన్నెండు వారాల ఆదాయాన్ని కూడి పన్నెండుతో భాగించి 'మాకు సరిపోతుంది' అనుకున్న జట్టు అందరికంటే ముందు చతికిలబడుతుంది. సగటు ఆదాయంతో ఎవరూ బతకలేరని, తక్కువ వచ్చిన వారాన్ని దాటడమే అసలు పని అని ఆ జట్టు నోటితోనే చెప్పించు.

అవసరాలు, కోరికలు అంటూ రెండు గళ్ల పట్టిక నీ ప్రణాళికలో ఉంది. దాన్ని ఆటలోనే తేల్చుకోనివ్వు. ఫోను రీచార్జిని 'కోరిక' గడిలో పడేసి అయిదో వారం కోత పెట్టిన జట్టుకు ఆరో వారం ఈ చీటీ రావాలి: 'పనికి రమ్మని ఫోను చేశారు, కలవలేదు, వేరేవారిని పెట్టుకున్నారు.' ఏది అవసరమో ఆ ఇంటి పరిస్థితి చెబుతుందని నువ్వు ఉపన్యసించనక్కర్లేదు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని పెద్దలు అంటారు, నిజమే. కాళ్లు ముడుచుకున్నా చాలని మంచం మీద పడుకున్నవాడికి ఆ సామెత చెప్పడంలో ఉన్న మొరటుతనాన్ని మాత్రం పంతుళ్లం గమనించము.

నిగ్రహం గురించి కూడా అంతే. మార్ష్‌మాలో ప్రయోగం గురించి నీ శిక్షణలో వినే ఉంటావు. ఇప్పుడు ఒక మిఠాయి తింటావా, ఆగితే రెండు ఇస్తాను అని చిన్నపిల్లలను వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించాడు. ఆగగలిగినవాళ్లే తర్వాత జీవితంలో పైకి వచ్చారని ఎన్నో వేదికల మీద చెప్పారు. 2018లో తొమ్మిది వందలకు పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఇంకా చాలా తగ్గింది. నాకు అంతకంటే ఇష్టమైనది 2013 నాటి ఒక చిన్న ప్రయోగం, 28 మంది పిల్లలతో చేసింది. ముందుగా కొందరు పిల్లలకు మంచి రంగులు తెస్తానని చెప్పి తెచ్చారు, మిగతావారికి చెప్పి తేలేదు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెడితే మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి దగ్గర మూడు నిమిషాలు. కాబట్టి దాచుకోలేని పిల్లవాడిని బలహీనుడని అనకు. దాచినది తన దగ్గరే ఉంటుందన్న నమ్మకం వాడికి ఎప్పుడైనా కలిగిందా అని ఆలోచించు. తరగతిలో నువ్వు ఏదైనా ఇస్తానంటే అన్న రోజునే ఇవ్వు.

మోసాలకు రెండు పీరియడ్లు కేటాయించు. చార్లెస్ పాంజీ 1920లో బోస్టన్‌లో 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. తపాలా కూపన్ల వ్యాపారమని చెప్పి, కొత్తవాళ్ల డబ్బు తీసి పాతవాళ్లకు పంచాడు. అదే ఏడాది ఆగస్టులో కుప్పకూలింది. కథ చెప్పి వదిలేయకుండా లెక్క చేయించు: 45 రోజులకోసారి ఒకటిన్నర రెట్లయితే 100 ఏడాదిలో దాదాపు 2,560 అవుతుంది, రెండో ఏడాది చివరికి 65 వేలు దాటుతుంది. 'అలా వచ్చే మాటే నిజమైతే అతనికి మన 100 ఎందుకు?' అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పిల్లకో పిల్లవాడికో పూర్తి మార్కులు వెయ్యి.

ఇంకొకటి మరీ దగ్గరిది. 'నీ ఖాతాలోకి కొంత డబ్బు వేస్తాం, కమిషను ఉంచుకుని మిగతాది ఫలానా చోటికి పంపు' అని పెద్ద పిల్లలను అడిగేవాళ్లు ఉన్నారు. అది దొంగసొమ్మును చేతులు మార్చే పని. పట్టుబడితే ముందు కనిపించేది ఆ పిల్లవాడి పేరే. పాస్‌వర్డు, ఓటీపీ చెప్పకూడదని అందరూ చెబుతూనే ఉన్నారు. ఖాతా అద్దెకివ్వకూడదని చెప్పేవాళ్లు తక్కువ, నువ్వు చెప్పు. ఫోను ఆటల్లో అసలు డబ్బును ముందు నాణేలుగానో రత్నాలుగానో ఎందుకు మారుస్తారో వాళ్లనే అడుగు. వాళ్లకు నీకంటే బాగా తెలుసు. ధర మరిచిపోవడానికని వాళ్లే చెబుతారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు చేసిన ఇలాంటి కొనుగోళ్లకు 2014లో యాపిల్ సంస్థ కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకుంది.

షేర్ మార్కెట్ పోటీ పెడదామని మీ ప్రధానోపాధ్యాయులు ఉత్సాహపడుతున్నారని రాశావు. వీలైతే తప్పించు. ఆరు వారాల పోటీలో గెలిచేది తెలివైన పిల్లవాడు కాదు, అందరికంటే తెగించి ఒకే షేరు మీద పెట్టినవాడు. వాడికి బహుమతి ఇచ్చి చప్పట్లు కొడితే ఏం నేర్పినట్టు? బీమా, పన్నులు ఒక్కో పీరియడు చాలు. ధరల పెరుగుదలకు ఇంకొకటి: వడ్డీ 4 శాతం, ధరలు 6 శాతం పెరిగితే ఖాతాలో అంకె పెరుగుతూ కొనే శక్తి తగ్గుతుందని చూపిస్తే సరిపోతుంది.

ఇళ్ల నుంచి ఫిర్యాదులు వస్తాయి, సిద్ధంగా ఉండు. 18 శాతం లెక్క నేర్చిన పిల్ల ఇంటికెళ్లి తండ్రి తెచ్చిన అప్పును విప్పి చూపిస్తుంది. ఆ తండ్రికి అది సహాయంగా కాక నిలదీతగా వినిపిస్తుంది. అందుకే లెక్క నేర్పిన రోజే ఈ మాట కూడా చెప్పు: ఆసుపత్రి కోసమో ఫీజు కోసమో అప్పు చేసినవాళ్లకు ఆ పూట వేరే దారి ఉండి ఉండకపోవచ్చు. ఇంట్లో అడిగితేనే లెక్క చూపాలి, వచ్చేసారి కాగితం చదవడానికి తోడుగా కూర్చోవాలి. బడిలో ఉచితంగా పాఠం చెబుతామని, పుస్తకాలు పంచుతామని సంస్థలవాళ్లు వస్తే మర్యాదగా రానివ్వు. కానీ పిల్లల పేర్లు, ఫోను నంబర్లు ఇవ్వకు. వాళ్లు మాట్లాడేటప్పుడు నువ్వు గదిలోనే ఉండు. వాళ్ల సొంత పథకం పేరు వచ్చిందంటే, మరుసటి పీరియడులో దాని ఫీజులు, షరతులు పిల్లలచేతే వెతికించు.

పరీక్షలో 'పొదుపు అనగానేమి' వద్దు. సగం వివరాలు దాచిన అప్పు ప్రకటన ఒకటి నువ్వే రాసి ఇవ్వు. సంతకం చేసేముందు అడగాల్సిన అయిదు ప్రశ్నలు రాయమను. జవాబులకు కాదు, ఆ ప్రశ్నలకే మార్కులు. దిద్దడం కష్టమే, ఒక్కొక్కరు ఒక్కోలా అడుగుతారు. మొదటిసారి నీకు సందేహమొచ్చిన కాగితాలు పేర్లు తీసేసి నాకు పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, చదవగలను. కల్పిత కుటుంబానికి చీటీలు కూడా ఒక నలభై రాసిపెట్టాను, అవి విడిగా వస్తాయి. అందులో శుభవార్తలు తక్కువయ్యాయనిపిస్తే రెండు మూడు నువ్వే కలుపుకో.

ఆశీస్సులతో,
మీ లెక్కల మాస్టారు