నీ గెకోకి మేత పురుగులు ఇంట్లోనే పెంచుకో

కావలి

చిట్టితల్లీ,

నీ పెంపుడు బల్లి గెకోకి ఒంగోల్లో మేత పురుగులు దొరకడం లేదని, పార్శిల్ తెప్పిస్తే సగం చచ్చి వస్తున్నాయని ఫోన్లో టెన్షన్ పడ్డావు. ఇంట్లోనే పెంచుకో. మీ అన్న లెపర్డ్ గెకో తెచ్చినప్పుడు నేనూ అలాగే మొదలుపెట్టాను. తొమ్మిదేళ్ళయింది, ఇంకా ఆపలేదు.

ముందు మీల్‌వర్మ్‌లు, అంటే తవుట్లో పెరిగే ఒక పెంకుపురుగు పిల్లలు. వెడల్పాటి డబ్బాలో రెండు అంగుళాల మందాన గోధుమ తవుడు పొయ్యి, పైన క్యారెట్ ముక్క పెట్టు. తవుడు పశువుల దాణా కొట్లో దొరుకుతుంది. పురుగు ముందు ప్యూపాగా, అంటే మేత తినని మధ్య దశలోకి మారి, అందులోంచి నల్లటి పెంకుపురుగు వచ్చి ఆ తవుట్లోనే గుడ్లు పెడుతుంది. ఇదంతా జరగడానికి మన వేడిలో కూడా మూడు నాలుగు నెలలు పడుతుంది. అందాకా ఆ డబ్బాలోంచి తీసి గెకోకి వెయ్యకు. ప్యూపాలను వేరే డబ్బాలోకి ఏరు, లేకపోతే పెంకుపురుగులు కొరికేస్తాయి.

మన కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు కదా, అప్పుడే జాగ్రత్త. తవుడు చెమ్మగిల్లితే డబ్బా అంచున సన్నటి గోధుమరంగు దుమ్ములా కనబడుతుంది. వేలికి రాసుకుని వెలుతురులో చూడు. ఆ దుమ్ము కదులుతుంది. అవి మంచాల నల్లులు కావు, తవుట్లో పుట్టే సన్నటి నల్లులు (మైట్స్). అందుకే కొత్త తవుడు తేగానే మూడు రోజులు ఫ్రీజర్లో పెట్టి, ఆరబెట్టి వాడు. వానాకాలంలో క్యారెట్ ముక్క రోజూ మార్చు.

మీల్‌వర్మ్‌లు నిలదొక్కుకున్నాక కీచురాళ్ళు పెట్టుకో. గుడ్ల అట్టలు నిలువుగా పేర్చి, మూతకి ఇనప జాలీ వేయించు. ప్లాస్టిక్ జాలీని కొరికేస్తాయి. గిన్నెలో నీళ్ళు పెడితే పిల్లలు పడి చస్తాయి, తడిపిన స్పాంజి చాలు. చిన్న డబ్బాలో తడి కొబ్బరి పొట్టు పెడితే అందులో గుడ్లు పెడతాయి. రెండు మూడు రోజులకొకసారి దాన్ని తీసి విడిగా ఉంచు. పొట్టు ఆరిపోకుండా చూసుకుంటే సుమారు పన్నెండు రోజులకు ఆవగింజంత కూడా లేని పిల్లలు బయటికొస్తాయి. మే నెలలో మాత్రం డబ్బాను మూసిన గదిలో వదలకు, గాలాడే చోట ఉంచు.

మొదటి ఏడాది ఒక రాత్రి చీమలు పట్టాయి. తెల్లారేసరికి రెండు వందల పిల్లల్లో ఒక్కటి మిగల్లేదు, అట్టల మీద కాళ్ళ ముక్కలు మాత్రం ఉన్నాయి. అప్పటి నుంచి స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. మీ నాయనమ్మ పాలగిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టేది కదా, అదే పద్ధతి.

తల్లీ, ఇది శ్రద్ధగా చదువు. ఈ పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అవి మాత్రమే పెడితే గెకో ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయి, దవడ సాగుతుంది. అందుకని వేసే ముందురోజు పురుగులకి మన పెరటి మునగాకు, గుమ్మడి ముక్క పెట్టు. వేసేటప్పుడు గ్లాసులో వేసి చిటికెడు కాల్షియం పొడి చల్లి కుదుపు. ముగ్గుపిండిలో పొర్లినట్టు తెల్లగా కావాలి. పొడి భాస్వరం లేనిది తీసుకో. విటమిన్ డి3 కలిపిన పొడి ఎన్ని రోజులకొకసారి వెయ్యాలో పశువైద్యుణ్ణి అడుగు. పురుగు గెకో రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. తినని కీచురాళ్ళని వదలకుండా తీసెయ్యి, పడుకున్న గెకోని కొరుకుతాయి.

బయట పట్టినవి వద్దు. మీ అన్న మిరప చేను గట్టు మీద మిడతలు పట్టి వేశాడు. మూడో రోజుకి మా మొదటి గెకో మేత మానేసింది, పదో రోజుకి పోయింది. చేలో కొట్టిన మందే కారణమని రుజువు లేదు గానీ, నాకు అనుమానం లేదు. మిణుగురులైతే మందు లేకపోయినా విషమే. రేపు కప్పని పెంచినా ఇవే జాగ్రత్తలు, కాకపోతే అది కదిలే పురుగునే చూస్తుంది. పెరట్లో దొరికిన ఉడుముని, నక్షత్ర తాబేలుని మాత్రం తెచ్చుకోకు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

ఆదివారం పొద్దున రైలుకి ఒంగోలు వస్తున్నాను, యాభై పెంకుపురుగులు తెస్తాను. తవుడు ఈలోగా కొని ఫ్రీజర్లో పెట్టు.

మీ పెదనాన్న