ఆ పిల్లాడు బతికుంటే?

ప్రశ్న: కృష్ణదేవరాయలకి కొడుకు లేడా సర్? ఆయన తర్వాత తమ్ముడు అచ్యుతరాయలు ఎలా రాజయ్యాడు?

జవాబు: ఉన్నాడండీ, పేరు తిరుమల. 1524లో ఆరేళ్ళ పిల్లాడికే పట్టం కట్టేశారు, రాయలు తను పక్కకి తప్పుకుని మంత్రిగా ఉన్నాడట, పండగలు ఎనిమిది నెలలు జరిగాయి, ఆ సంబరాల్లోనే పిల్లాడు జబ్బుపడి పోయాడు. పిల్లాడికి విషం పెట్టింది మహామంత్రి తిమ్మరుసు కొడుకే అని నమ్మి రాయలు ఆ తిమ్మరుసు (అప్పాజీ) కళ్ళు తీయించాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు, మన సినిమావాళ్ళకి ఈ ఒక్క ముక్క దొరికితే చాలు! కానీ శాసనాల్లో ఈ కళ్ళ సంగతి కనబడదు, అందుకే నేనైతే దీన్ని పూర్తిగా నమ్మను.

అసలు దెబ్బ తగిలింది వారసత్వానికి. 1529లో రాయలు పోయేనాటికి ఇంకో కొడుకున్నా వాడు మరీ పసివాడు, అందుకని సవతి తమ్ముడు అచ్యుతుడికి ఛాన్స్ వచ్చింది, రాయల అల్లుడు రామరాయలేమో ఆ పసివాణ్ణి ముందుపెట్టి చక్రం తిప్పుదామని చూశాడు, అప్పటికి కుదర్లేదు. 1542లో అచ్యుతుడు పోయాక అతని కొడుకు వెంకటుణ్ణి, వాడూ చిన్నవాడే, సొంత మేనమామ సలకరాజు తిరుమలే చంపించాడు. అప్పుడు రామరాయలు అదే వంశంలోని సదాశివరాయల్ని గద్దెమీద కూర్చోబెట్టి పెత్తనం మొత్తం తన చేతిలో పెట్టుకున్నాడు, 1565లో దక్కన్ సుల్తానులతో జరిగిన తళ్ళికోట యుద్ధంలో తల పోగొట్టుకునేదాకా.